ఆకుపచ్చ చుక్క

మా అక్క పద్నాలుగేళ్ళ పాటు ఒక ఎలుగుబంటి మీద ప్రాణాలు పెట్టుకుని బతికింది. అన్నేళ్ళలో ఒక్క రోజు కూడా దాన్ని కళ్ళారా చూడలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. మా ఆయనైతే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వడా మరి, ఆయన ఎలుగుల్ని వేటాడే మనిషి. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లల్లో పెద్దది ఎలుగుల ఆచూకీ చూసే ఆఫీసులో చేరితే, చిన్నది ఎలుగుల్ని కాల్చేవాణ్ణి కట్టుకుంది. ఆ చిన్నదాన్ని నేనే. బట్టలు కుట్టే కొట్టు నడుపుతాను.

అక్క ఉద్యోగం ఏమిటో చెబితే గానీ మిగతాది అర్థం కాదు. అటవీ ఆఫీసు మేడ మీద, మెట్లెక్కగానే ఎడమచేతి గది ఆమెది. గది నిండా ఒకటే బల్ల, బల్ల నిండా ఒకటే మ్యాపు. నాలుగు పెద్ద కాగితాలు అతికించి చేసిన అడవి మ్యాపు అది. అతుకుల మీది టేపు పసుప్పచ్చగా మారి, మూలలు లేచిపోయి ఉంటాయి. మ్యాపు పక్కన ఒక బిస్కెట్ల డబ్బా, అందులో రంగు పెన్సిళ్ళు. ఆఫీసువాళ్ళు కొన్ని ఎలుగులకి మత్తుసూది వేసి మెడకి పట్టీ కడతారు. ఆ పట్టీ గంటగంటకీ అది ఎక్కడుందో చెబుతుంది. రోజూ పొద్దున్నే అక్క ఆ అంకెల కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో ఎలుగుకి ఒక్కో రంగుతో మ్యాపు మీద చుక్కలు పెడుతుంది. కంప్యూటరే చేస్తుంది కదా, మీకెందుకీ శ్రమ అని కొత్తగా వచ్చిన ఆఫీసరు అడిగాడట. కంప్యూటర్ పెట్టిన చుక్క కంప్యూటర్‌కి గుర్తుంటుంది, నేను పెట్టింది నాకు గుర్తుంటుంది అందట అక్క. ఆఫీసు డ్రైవరు ఆమెకి చుక్కలమ్మ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఊరంతా అదే పేరు.

ఎలుగులకి పేర్లు పెట్టకూడదని ఆఫీసు నియమం. అందుకని అక్క వాటిని రంగులతో పిలిచేది. ఎర్రది, నీలంది, ఊదాది. పట్టీలు మారుతూ, ఎలుగులు పోతూ వస్తూ ఉండేవి. పద్నాలుగేళ్ళ కిందట పట్టీలు కట్టడం మొదలైన నాటినుంచీ మిగిలింది ఒక్క ఆకుపచ్చే. అది ఆడది. డబ్బాలో ఆకుపచ్చ పెన్సిల్ మాత్రం ఎప్పుడూ బొటనవేలంత అయ్యేదాకా అరిగి, కొత్తది వస్తూ ఉండేది.

మా అడవిని రెండుగా చీలుస్తూ ఒక వాగు పారుతుంది. వాగుకి ఇవతల వేట లేదు. అవతల ఏటా ఒక నెల సర్కారు అనుమతితో వేట ఉంటుంది. ఆ నెలకి వారం ముందు నుంచే అవతలి చుక్కల నడక మారిపోతుందని అక్క చెప్పేది. జీపులు తిరగడం మొదలవుతుంది, కుక్కల్ని అలవాటు కోసం అడవిలో వదులుతారు. అంతే, పొద్దున పూట పళ్ళ పొదల్లో తిరగాల్సిన ఎలుగులు కదలడం మానేస్తాయి. పగలంతా ఒకేచోట కుక్కిన పేనులా పడి ఉండి, చీకటి పడ్డాకే తిండికి లేస్తాయి. క్యాలెండరు గోడకి తగిలించుకునేది మనం, చదివేది అవి, అనేది అక్క.

ఎలుగుల్ని బెదరగొట్టడానికి తుపాకీయే అక్కర్లేదు. పళ్ళు ఏరుకోవడానికి వెళ్ళినవాడు తెలియక పక్కనుంచి నడిచినా చాలు, పడుకున్న ఎలుగు చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోతుంది. అక్కడ ఎలుగుందనీ, అది వెళ్ళిపోయిందనీ ఆ మనిషికి తెలియదు. అక్కకి తెలుస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక్కసారిగా నాలుగైదు కిలోమీటర్ల ఎడం వస్తుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు అది పగలు బయటికి రాదు. చలికాలమంతా తిండి లేకుండా బిలంలో పడి నిద్రపోతాయవి, ఆ నిద్రకి ముందు ఒంటికి కొవ్వు పట్టించుకోవాల్సిన రోజులివి. తినాల్సిన వేళ దాక్కుంటే, ఎండిపోయిన ఒంటితో బిలంలోకి దూరాలి. ఇలా జరిగినప్పుడల్లా అక్క రిజిస్టరులో ‘చెదిరింది’ అని రాసి, పక్క గడిలో కారణం రాసేది. పళ్ళు ఏరేవాళ్ళు. కుక్క. సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు. రాస్తున్నంతసేపూ వాళ్ళ ఏడు తరాల్నీ తిట్టేది.

పిల్లలున్నప్పుడు మాత్రం ఆకుపచ్చ చుక్కలు ఎక్కడుండేవో తెలుసా? మా ఆయన పనిచేసే సామిల్లు వెనక. బస్సుల షెడ్డు గోడకి అటుపక్క. మగ ఎలుగులు పిల్లల్ని చంపేస్తాయి. కానీ వాటికి మనుషులంటే భయం, ఊరి దరిదాపులకి రావు. అందుకని ఇది మనల్నే కంచెగా పెట్టుకుని, మన కళ్ళబడకుండా మన పక్కనే కాపురం చేసింది. ఇది చెప్పేటప్పుడు అక్క మొహం చూడాలి. కూతురు పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్న తల్లిలా వెలిగిపోయేది.

ఇంకో సంగతి కూడా అక్కే చెప్పింది. పిల్ల వెంట ఉన్న తల్లిని కాల్చకూడదని వేటకి ఒక నియమం ఉంది. మామూలుగా తల్లులు రెండో వేసవి మొదట్లో పిల్లల్ని తరిమేస్తాయి. కొన్ని మాత్రం ఇంకో ఏడాది తమ దగ్గరే ఉంచుకుంటాయి. వేట ఉన్నచోట అలా ఉంచుకున్న తల్లులే ఎక్కువగా బతుకుతున్నాయని పెద్దాఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఉందట. పిల్లని తొందరగా పంపేసిన తల్లి ఒంటరిదవుతుంది, ఒంటరిదాన్ని కాల్చొచ్చు. ఈ మాట చెప్పిన రోజు నేను చొక్కాకి గుండీలు కుడుతున్నాను. సూది వేలికి గుచ్చుకుంది. అక్క మాట్లాడేది ఎలుగు గురించే అయినా నాకు మా ఇల్లే కళ్ళ ముందు కనబడింది.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకి పదహారు. నాన్న చెట్లు కొట్టే పనికి నెలల తరబడి క్యాంపుల్లో ఉండేవాడు. నన్ను పెంచింది అక్కే. బడికి తీసుకెళ్ళేటప్పుడు పది అడుగులు ముందు నడిచేది. వీధి మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నేను వచ్చేదాకా అక్కడే నిలబడేది. చిన్నప్పుడు అది బాగానే ఉండేది. పద్దెనిమిదేళ్ళొచ్చాక కూడా అలాగే ఆగుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆమెకి ఒక సంబంధం వచ్చిందనీ, పెళ్ళికొడుకు వేరే ఊరు రమ్మంటే మా చెల్లెలి చదువు అయ్యాక చూద్దామందనీ, వాళ్ళు ఆగలేదనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలియక ముందే నేను అనకూడని మాట అనేశాను. సామిల్లులో రంపాలకి పదును పెట్టేవాణ్ణి చేసుకుంటానని నేను, వాడు వేటగాడు వద్దని ఆమె. ఇంకెన్నాళ్ళు నన్ను చంకనేసుకుని తిరుగుతావ్, నన్నొదిలెయ్ అన్నాను. అక్క దగ్గరుండి నా పెళ్ళి చేసింది. కానీ ఆ తర్వాత ఎప్పుడు కలిసి నడిచినా మలుపు దగ్గర ఆగడం మానేసింది. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే నేను నా కొట్టు అమ్మైనా తీసుకునేదాన్ని.

మా ఆయన్ని అక్క ద్వేషించిందని అనుకోకండి. ఆయన మీద ఆమెకి ఒక రకమైన అభిమానమే. రంపం పళ్ళని వేలితో తడిమి ఏ పన్ను మొద్దుబారిందో చెప్పగల మనిషి, తెలివిగలవాడు అనేది. ఆయన కూడా వదినా, వదినా అంటూ తిరిగేవాడు. కాకపోతే నోరు ఊరుకోదు. కనబడినప్పుడల్లా ఒకటే వేళాకోళం. “ఒక్క చుక్క చెప్పొచ్చుగా వదినా, మీ సొమ్మేం పోతుంది” అనేవాడు. నీ తుపాకీలో తుప్పు పట్టిన రోజున చెబుతా మరిదీ, అనేది అక్క. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కానీ వేట నెల మొదలైన రోజు నుంచి ముగిసే రోజు దాకా అక్క మా గుమ్మం తొక్కేది కాదు. దాని గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్ళుగా అలాగే నడిచింది. ఆ నెల రోజులూ నేను వేటగాళ్ళ గుంపుకి, పొదల్లో ఒకరికొకరు కనబడేందుకు వేసుకునే నారింజ రంగు జాకెట్లు బాగుచేస్తూ, వీధి చివర ఉన్న అక్క ఇంటికేసి చూస్తూ కూర్చునేదాన్ని.

ఇక పోయినేడు సంగతి. ఎండలు తగ్గే రోజుల్లో అక్క కొట్టుకి వచ్చి కత్తిరింపుల బల్ల మీద కూర్చుంది. ఆకుపచ్చ పట్టీలో బ్యాటరీ అయిపోతోందని చెప్పింది. గంటకొకటి వచ్చే చుక్కలు ఇప్పుడు రోజుకి నాలుగే వస్తున్నాయి. అర్ధరాత్రి ఒకటి, పొద్దున ఆరింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. ఎలుగు ముసలిదైంది, ఇంకోసారి మత్తు తట్టుకోలేదు, కొత్త పట్టీ వద్దని పశువుల డాక్టరు చెప్పేశాడు. చలికాలం లోపే పాత పట్టీ దానంతటదే ఊడి పడిపోవడమో, మూగబోవడమో జరుగుతుంది. ఆ తర్వాత అది ఉందో పోయిందో ఎవరికీ తెలియదు.

ఇంకో దిగులు కూడా ఉంది. పోయినేటికి ముందేడు వాగు ఇసుకలో దాని అడుగుల పక్కన చిన్న అడుగులు కనబడ్డాయి. ఆ పిల్లకి రెండో వేసవి దాటింది. దాన్ని తల్లి పంపేసిందో, ఉంచుకుందో చుక్కలు చెప్పవు, పట్టీ తల్లికే ఉంది. అక్క పద్నాలుగేళ్ళుగా చూస్తున్న మ్యాపు మీద ఆ పిల్ల లేనే లేదు.

అదంతా చెప్పి, చాలాసేపు నా చాక్‌పీసుల డబ్బాలో వేళ్ళు పెట్టి కదుపుతూ కూర్చుంది. “ఒక్కసారి చూడాలనుందే” అంది. అరవైకి దగ్గరపడుతున్న మనిషి, ఏదీ ఎవర్నీ అడిగి ఎరగని మనిషి, చిన్నపిల్ల మిఠాయి అడిగినట్టు అడిగింది. నేను అప్పుడే కళ్ళు తెరవాల్సింది. వెళ్ళకు అనాల్సింది. ఇన్నేళ్ళలో నా దగ్గరికి ఒక కోరికతో వచ్చింది కదా అని పొంగిపోయి, పోనీ చూసి రారాదా అన్నాను.

వేట నెలకి ఇంకా తొమ్మిది రోజులుందనగా అక్క సెలవు పెట్టింది. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో అనారోగ్యం లేకుండా పెట్టిన మొదటి సెలవు అదేనట. మూడు రోజులుగా ఆకుపచ్చ పన్నెండింటి చుక్క ఒకేచోట పడుతోంది. వాగుకి ఇవతలే, సామిల్లుకి రెండు కిలోమీటర్ల దూరంలో, చిన్న చెట్ల గుంపు మధ్య. మధ్యాహ్నం పూట అది అక్కడే నిద్రపోతుందన్నమాట. అక్క మెత్తటి చెప్పులు వేసుకుంది. సబ్బు రాసుకోకుండా స్నానం చేసింది. గాలి ఎలుగు మీద నుంచి తన వైపు వీచేలా చూసుకుని, ఊరి వైపు నుంచి నడిచింది. ఎక్కడ ఆగాలో, ఎంత దూరం నుంచి చూడాలో అన్నీ లెక్క వేసుకుంది.

అక్కడికి వెళ్ళేసరికి ఎలుగు లేదు. పడక ఉంది. నాచు, ఎండుటాకులు గోకి, గుండ్రంగా చేసుకున్న గుంట. అక్క మోకాళ్ళ మీద కూర్చుని అందులో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉందట. ఆ గుంటని ఆనుకుని ఇంకో గుంట, కొంచెం చిన్నది. అదీ వెచ్చగానే ఉంది. పిల్లని పంపలేదు, ఉంచుకుంది. రెండు గుంటల్లో రెండు చేతులు పెట్టుకుని ఏడ్చానే అని చెప్పింది నాకు. సంతోషంతో ఏడ్చిందో, అందినట్టే అంది జారిపోయిందని ఏడ్చిందో ఆమెకే తెలియదు. చుట్టూ ఒక్క కొమ్మ విరిగిన చప్పుడు లేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి కాగితం చూసుకుంది. సాయంత్రం ఆరింటి చుక్క వాగు గట్టున ఉంది. అర్ధరాత్రి చుక్క వాగు అవతల. పొద్దుటి చుక్క ఇంకా పైన, పదకొండు కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా వేటగాళ్ళ గుంపులు మకాం వేసే గుట్టల మధ్య. పద్నాలుగేళ్ళలో వేట రోజులు దగ్గరపడ్డాక ఆకుపచ్చ ఎన్నడూ వాగు దాటలేదు. ఎందుకు దాటుతుంది? ఊరే దానికి కంచె కదా. ఆ కంచె వైపు నుంచే అక్క నడిచి వెళ్ళింది. ఇక దానికి మిగిలిన దారి వాగు ఒక్కటే. గాలి చూసుకుంది, చెప్పులు చూసుకుంది, ఎలుగు ఎటు పారిపోతుందో మాత్రం చూసుకోలేదు. మ్యాపు మీద అందరి చుక్కలూ పెట్టే మనిషికి, ఆ రోజు తనూ ఒక చుక్కేనని తట్టలేదు.

రిజిస్టరు తీసి ‘చెదిరింది’ అని రాసింది. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. ఆఫీసరు వెనక నిలబడి చూస్తున్నాడట. మంచివాడే పాపం, తెలియదు అని రాసేయండమ్మా, ఎవరడుగుతారు అన్నాడట. అక్క తన ఉద్యోగం హోదా, తన ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు, వెళ్ళిన టైము రాసి సంతకం పెట్టింది. అంతకు ముందు ఆ గడిలో ఎవరెవర్ని తిట్టుకుంటూ రాసిందో, వాళ్ళందరి కిందా ఆమె పేరు.

ఆ తర్వాత వారం రోజులూ ఎలుగు వెనక్కి వస్తుందని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. రాలేదు. జీపులు, కుక్కలు అప్పటికే వాగు గట్టంతా తిరుగుతున్నాయి. పొద్దుటి చుక్కా, మధ్యాహ్నం చుక్కా ఒకేచోట పడుతున్నాయి, అంటే ఆకలితో పడి ఉంటోంది. వేట రేపనగా సాయంత్రం అక్క కొట్టుకి వచ్చింది. బల్ల మీద పద్దెనిమిది నారింజ రంగు జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి. వాటికేసి చూస్తూ జరిగిందంతా చెప్పింది. నేను మా ఆయనకి చెప్పి ఆ గుట్టల వైపు పోకుండా చూస్తానన్నాను.

“వద్దు. ఎటు పోవద్దంటావో అటే ఉందని తెలిసిపోతుంది” అంది అక్క. “ఆయన ఒక్కడే పోడు. ఆయనతో పదిహేడు మంది పోతారు.”

పిల్ల ఉందిగా, కాల్చరుగా అన్నాను. కుక్కలు మొదట చేసే పనే తల్లినీ పిల్లనీ విడదీయడం అంది. పొదల్లో ఒక్కటే కనబడితే, దాని వెనక ఇంకోటుందని తుపాకీ పట్టుకున్నవాడికి ఏం తెలుస్తుంది? ఆ మాట అని లేచి వెళ్ళిపోయింది. నెల రోజుల దాకా మళ్ళీ రాదని నాకు తెలుసు.

ఒక వేటగాడి పెళ్ళానికి ఎలుగు జాడ తెలిసి, నోరు కట్టుకుని ఉండాల్సి వస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం పన్నాను. తెల్లారేసరికి నడుం పట్టేసిందని మంచం మీద మూలుగుతూ పడుకున్నాను. మా ఆయన కంగారుపడిపోయి, వేడినీళ్ళ సంచీ తెచ్చి, గంటసేపు నడుముకి మందు రాశాడు. ఇక ఉండిపోతాడులే అనుకున్నాను. పక్కింటావిణ్ణి పిలిచి నాకు కాపలా పెట్టి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మందు ఘాటుకి నా వీపు రెండు రోజులు మండింది.

మొదటి మూడు రోజులూ గుంపు వట్టి చేతులతో వచ్చింది. ఆయన జీపు దిగిన ప్రతిసారీ మొహం చూసేదాన్ని, చూసి ఊపిరి పీల్చుకునేదాన్ని. నాలుగో రోజు మధ్యాహ్నమే తిరిగొచ్చాడు. తుపాకీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. ఏమైందంటే ఏం లేదన్నాడు. ఆయన అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి. నేను రెండోసారి అడగలేదు, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. మర్నాడు గుంపువాళ్ళు జీపుతో వస్తే, నడుం పట్టేసింది రాలేనని కేకేసి చెప్పాడు. నా రోగం ఆయనకి అంటుకుంది కాబోలు అనుకున్నాను. నవ్వు రాలేదు.

ఆ జీపు మలుపు తిరిగిందో లేదో, గుమ్మంలో అక్క.

వేట నెలలో, ఐదో రోజు, మా గుమ్మంలో అక్క. చంకలో చుట్టిన పెద్ద కాగితం ఒకటి, చేతిలో బిస్కెట్ల డబ్బా. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. నా వైపు చూడలేదు.

“చంపేశారా?” అని అడిగింది మా ఆయన్ని.

“లేదు వదినా.”

“నిన్న పొద్దున ఆరింటికి ఉంది. పన్నెండింటికి లేదు. ఆ తర్వాత అసలు లేదు.”

“పదకొండున్నరకి ఉంది” అన్నాడు మా ఆయన. “నేను చూశాను.”

అక్క గుమ్మం పట్టుకుంది. నేను వెళ్ళి భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. పద్నాలుగేళ్ళు ఆమె ఎదురుచూసింది, ఏనాడూ దేనికీ ఎదురుచూడని మా ఆయన కళ్ళబడింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం ఒక్కటే అడిగింది. ఎలా ఉంది?

మా ఆయనకి చెప్పడం రాదు. ఎలుగులా ఉంది అన్నాడు. నేను గుడ్లురిమి చూశాక, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు గుట్ట కింద ఉన్నారు, ఆయన ఒక్కడే పైన కాచుకుని కూర్చున్నాడు. కుక్కలు మొరుగుతున్నాయి. చెట్లు నరికేసిన ఖాళీ జాగా ఒకటుంది, అందులోకి ఎలుగు వచ్చింది. ముసలిది. వెనక కాలు ఒకటి కొంచెం ఈడుస్తోంది. మూతి దగ్గర వెంట్రుకలు నెరిసిపోయాయి. మెడకి పట్టీ ఒక పక్క తెగి వేలాడుతోంది. తుపాకీ ఎత్తి గురి పెట్టానని కూడా చెప్పాడు, దాచలేదు. పక్కకి తిరిగి ఉంది, అంత సులువైన గురి ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. నాలుగు అంగలు వేస్తే అవతలి చెట్లలోకి పోయేదే. పోకుండా జాగా మధ్యలో ఆగిపోయింది.

“ఎందుకాగింది?” అంది అక్క.

“వెనక్కి తిరిగి చూస్తోంది. నన్ను కాదు. అది వచ్చిన వైపే. కుక్కలు దగ్గరికొచ్చేస్తున్నాయి, అయినా కదల్లేదు. అప్పుడొచ్చింది పిల్ల. పిల్లంటే పిల్ల కాదు వదినా, దాదాపు తల్లంత ఉంది. అది వచ్చి పక్కన చేరాకే రెండూ కదిలాయి.”

ఆయన ఈల వేసి కుక్కల్ని వెనక్కి పిలిచాడు. దుప్పిని తరిమాయని గుంపుకి అబద్ధం చెప్పాడు. చూశానంటే మర్నాడు పద్దెనిమిది మందీ అక్కడే ఉంటారు. పాతికేళ్ళుగా కలిసి తిరిగిన వాళ్ళకి అబద్ధం చెప్పాడు కాబట్టి అన్నం దిగలేదు. ఇంతే జరిగింది. అక్క అదంతా మళ్ళీ చెప్పించుకుంది. ఏ కాలు ఈడుస్తోంది, ఏ పక్క నెరిసింది, ఎంతసేపు ఆగింది. మూడోసారి చెప్పేటప్పటికి మా ఆయన చేతులు తిప్పుతూ, తనే ఎలుగై గదిలో నడిచి చూపించాడు. అక్క కళ్ళు ఆర్పకుండా చూసింది. ఇన్నేళ్ళూ కాగితం మీద చూసినదాన్ని, మా వంటగదిలో మా ఆయన నడకలో చూసుకుంది.

తర్వాత చుట్టిన కాగితం విప్పి బల్ల మీద పరిచింది. ఆఫీసు మ్యాపులో వాగు అవతలి ముక్క, టేపు పీకి తెచ్చేసింది. ఎక్కడ చంపారో చూపించమని అడగడానికి తెచ్చానంది. ఇప్పుడు డబ్బా తెరిచి ఆకుపచ్చ పెన్సిల్ ముక్క తీసి మా ఆయన చేతిలో పెట్టింది.

“ఒక్క చుక్క చెప్పు మరిదీ” అంది.

ఆయన వేళాకోళం ఆయనకే తిరిగొచ్చింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రంపాలు తడిమే ఆ మొద్దు వేళ్ళతో పెన్సిల్ పట్టుకోవడం చేతకాక, రెండుసార్లు జారవిడిచి, గుట్టలు లెక్కపెట్టుకుంటూ వేలు జరిపి జరిపి ఒకచోట నొక్కి పెట్టాడు. అక్క చుక్కలు ఆవగింజంత ఉంటాయి. ఇది పెసరగింజంత పడింది. అక్క దాని పక్కన సన్నటి అక్షరాలతో పదకొండున్నర అని రాసింది.

“పిల్లకి ఏ రంగు పెట్టను?” అని అడిగాడాయన.

అక్క డబ్బాలో వెతికింది. ఎర్రది, నీలం, ఊదా, అన్నీ ఎవరో ఒకరివే. పిల్లకి రంగే లేదు. నేను కొట్టులోకి వెళ్ళి గుడ్డ మీద గీతలు గీసే తెల్ల చాక్‌పీసు తెచ్చి ఇచ్చాను. ఇస్తూనే తప్పు చేశాననిపించి, ఇది చెరిగిపోతుందక్కా, ఆగు ఇంకేదైనా చూస్తానన్నాను.

“పోనీలే” అంది. “అదీ ఎప్పటికైనా వెళ్ళాల్సిందేగా.”

ఆకుపచ్చ చుక్కని ఆనుకుని తనే తెల్ల చుక్క పెట్టింది. పెట్టి నా మొహంలోకి చూసింది. నాకేదో చెప్పాలనిపించింది, ఇరవై ఏళ్ళ కిందటి మాట గురించి. లేచి టీ పెట్టి ఇచ్చాను, తాగింది. ముగ్గురం ఆ మ్యాపు చుట్టూ చాలాసేపు కూర్చున్నాం.

ఆ తర్వాత ఆకుపచ్చ పెన్సిల్‌తో అక్క ఇంకో చుక్క పెట్టలేదు. పట్టీ మూగబోయి ఏ పొదలో పడిందో ఎవరికీ దొరకలేదు. ఆ ఏడాది వేటలో చనిపోయిన ఎలుగుల్లో అది లేదని మాత్రం తెలుసు. చలికి తట్టుకుందో, ఎండిన ఒంటితోనే బిలంలోకి వెళ్ళిందో తెలియదు. అక్క పొద్దున్నే ఆ గదిలోకి వెళ్ళి, మిగతా రంగులన్నీ పెట్టి, ఆ ముక్క ఉన్న చోటు కేసి కాసేపు చూసి గానీ లేవదని డ్రైవరు చెబుతాడు.

ఆ రోజు టీ తాగాక అక్క ఆఫీసుకి బయల్దేరుతుంటే మెయిన్ రోడ్డు దాకా వస్తానన్నాను. సరే రా అని కాగితం చంకలో పెట్టుకుని ముందు నడిచింది. కొట్టు తాళం నాకు దొరకలేదు. చాక్‌పీసుల డబ్బా కింద, జాకెట్ల కింద వెతికి, చివరికి తాళం వేసుకుని వీధిలోకి వచ్చేసరికి చాలాసేపే పట్టింది. అక్క మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నిలబడి ఉంది.